ఏడేళ్లకా, శాశ్వతంగానా

మెక్సికో నగరంలో ఇరవై ఏళ్లు కాపురం చేసినా అంపారో ఇంటి గోడకు ఒక్క మేకు లేదు. మొగుడు ఎలాడియో కొట్టనిచ్చేవాడు కాదు. అంతర్యుద్ధంలో ఓడి, నియంత చేతికి చిక్కిన స్పెయిన్ వదిలి ఓడెక్కినవాళ్లు వాళ్లిద్దరూ. వచ్చే ఏడు వెళ్లిపోతున్నాం, ఇవన్నీ ఎందుకనేవాడు. పిల్లల్ని కనడం కూడా ఇంటికి వెళ్లాకే అన్నాడు. ఆ ఒక్క మాటను అంపారో క్షమించలేదు.

ఎలాడియో కథలు రాసేవాడు. అన్నీ స్పెయిన్‌లో, అస్తూరియాస్ కొండల్లోని తన ఊరి కథలే. వాటిని అక్కడ అచ్చు వేయనివ్వరు, ఇక్కడ తోటి ప్రవాసులు తప్ప చదివే దిక్కు లేదు. అన్నం పెట్టిన ఊరి మీద మాత్రం ఒక్క వాక్యం రాసిన పాపాన పోలేదు మహానుభావుడు. పక్కింటి సోలెదాద్ పండగకు మొక్కజొన్న పిండితో ఆవిరి మీద వండిన తమాలెలు పంపితే లొట్టలేసుకుంటూ తినేవాడు, పెళ్లాన్ని మాత్రం ఆ గడప తొక్కనిచ్చేవాడు కాదు. పోయేవాళ్లకు చుట్టరికాలెందుకంటాడు. మాట్లాడే మనిషి లేక అంపారో ఉల్లిపాయలు తరుగుతూ తనలో తానే మాట్లాడుకునేది.

వానాకాలంలో ఒక పొద్దున ఎలాడియో గుండె ఆగిపోయింది.

మెక్సికో నగరంలో సమాధి చోటు రెండు రకాలుగా ఇస్తారు. ఏడేళ్లకు తీసుకుంటే, గడువు తీరాక ఎముకలు తీసి అప్పగిస్తారు. ప్రవాసులందరూ ఏడేళ్లకే తీసుకుంటారు. ఆలోపు ఆ నియంత పోతాడు, ఎముకల్ని ఇంటికి తీసుకెళ్లవచ్చని ఆశ. ఎలాడియో కోరిందీ అదే.

"ఏడేళ్లకా అమ్మా, శాశ్వతంగానా?" అని శ్మశానంలో గుమాస్తా అడిగాడు.

ఎలాడియో స్నేహితుడు సెవెరినో ఏడేళ్లకేనని చెప్పబోయాడు. అంపారో అడ్డొచ్చింది.

"శాశ్వతంగా."

"అదేంటి వదినా? వాడు ఊరెళ్లాలని ప్రాణాలు ఉగ్గబట్టుకుని బతికాడు. ఇక్కడ పాతేస్తావా?"

"ఇరవై ఏళ్లు వాకిట్లోనే నిలబడ్డాడన్నయ్యా. నన్నూ నిలబెట్టాడు. ఇక పడుకోనియ్యండి."

సెవెరినో టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. వెనకే మిగతా ప్రవాసులూ కదిలారు. సాయంత్రానికల్లా కాఫీ హోటల్లో తనను ద్రోహి అంటారని అంపారోకు తెలుసు. ఆమెకున్న మనుషులు వాళ్లే, ఇక వాళ్లూ లేరు. అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు. ఆ ఇంటి తరఫున ఆమె తీసుకున్న మొదటి నిర్ణయం అది.

గుమాస్తా మెల్లగా, పక్కన ఇంకో చోటు ఖాళీగా ఉందనీ, ఆమె కోసం ఉంచమంటారా అనీ అడిగాడు. అంపారో తడి మట్టి వైపు చూసింది. తనను ఎక్కడ పడుకోబెడతారన్నది ఆమె ఎన్నడూ తలచుకోలేదు.

"మా ఆయన్ని అడిగి చెప్తాను" అంది.

అన్నాక గానీ ఆమెకు ఏడుపు రాలేదు.