టర్కీ కోడికి వెడల్పు ములికి

ఆ రోజుల్లో, అంటే జహీరాబాద్ చుట్టూ చెరకు తోటల కంటే తుమ్మ పొదలే ఎక్కువగా కనిపించిన అరవైల మొదట్లో, గొప్పలకు పోయి ఇరుక్కోవడానికి నాకు ఎవరి సాయమూ అవసరం ఉండేది కాదు. ఝరాసంగం బడిలో కొత్తగా పంతులునయ్యాను. ఒక పెళ్లి భోజనాల్లో మా మేనమామ పక్కన కూర్చుని, ట్రైనింగులో ఒక కోయ స్నేహితుడి దగ్గర విల్లు పట్టడం నేర్చుకున్నానని, ఎంతటి పక్షినైనా ఒక్క బాణంతో పడగొడతానని చెప్పేశాను. (నేను పడగొట్టింది గుమ్మడికాయను. అదీ గోడ మీద పెట్టిన గుమ్మడికాయను.) మామ కూతురంటే నాకు ప్రాణం, మామకేమో వేటంటే ప్రాణం. ఊరొదిలి వెళ్లిపోయిన ఒక ఆసుపత్రి నర్సమ్మ పెంచిన టర్కీ కోడి తన చేను పక్క పొదల్లో అడవి పక్షిలా తిరుగుతూ శనగ మొలకలన్నీ తినేస్తోందట. ఆయన విస్తరి మడిచి, "ఆదివారం వచ్చి దాన్ని కొట్టు. లగ్గం ముచ్చట అటెన్క మాట్లాడుకుందం" అన్నాడు.

ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు. పాఠం చెబుతుంటే కూడా ఆ కోడే కళ్లముందు మెదిలేది. చివరికి కమ్మరి తాత దగ్గరికి వెళితే, ఆయన బాణం కొసకు బిగించే ఇనప ములుకులు మూడు రకాలవి ముందు పెట్టాడు. ఒకటి సూదిలా సన్ననిది, ఒకటి వేపాకంతది, ఇంకొకటి అరచేతిలో సగం ఉన్న వెడల్పు రేకు. నేను వెడల్పుదే కావాలన్నాను. గురి తప్పినా అంచైనా తగలకపోతుందా అని నా ఆశ. "పుల్ల సన్నగున్నది సారూ, గింత బరువు పెడితే ముక్కు నేలకే పోతది. సన్నది తీస్కపో" అన్నాడు తాత. నేను వినలేదు. పైగా, పదును పోతుందన్న భయంతో దాన్ని ఒక్కసారి కూడా వేసి చూడలేదు.

ఆదివారం పొద్దున పొదల దగ్గర నక్కి కూర్చున్నాం. మామ నాకు రెండడుగుల ముందు, పక్కగా, ఒళ్లో జొన్నరొట్టెల మూటతో కూర్చున్నాడు. కోడి రొమ్ము విరుచుకుని దర్జాగా బయటికొచ్చింది. నా చేతులు వణికిపోతున్నాయి. కళ్లు సగం మూసుకునే నారి వదిలాను. బాణం బయలుదేరుతూనే ముక్కు దించి, మామ ధోతి అంచును నేలకు కుట్టేసింది. ఆయన ఉలిక్కిపడి లేవబోతే మూట విడిపోయింది. మనుషుల చేతి తిండి మరిచిపోలేదేమో, కోడి నడిచివచ్చి మా ముందే రొట్టె పొడుచుకు తినసాగింది. చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది. ఇద్దరమూ చాచలేదు. నా పెళ్లి ఆశ ఆ రొట్టెతో పాటే అయిపోయిందనుకున్నాను.

"చెయ్యెందుకు వణికింది?" అన్నాడు మామ.

"బిడ్డనియ్యవేమోనని భయమైంది మామా. నేను ఇంతవరకు కొట్టింది గుమ్మడికాయనే."

ఆయన బాణం పీకి, ధోతి చిరుగును వేలితో కొలిచి చూసుకున్నాడు. "ఈ మాట జర ముందుగాల చెప్తే ధోతన్న మిగులుతుండె గద" అన్నాడు. ఆ మాఘంలోనే మా లగ్గమైంది. పెళ్లిలో ఆయన ఆ చిరిగిన ధోతే కట్టుకుని, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ కథంతా చెప్పాడు.

ఆ ములికికి కర్రపిడి వేయించి, మా ఆవిడ ఇప్పటికీ దాంతోనే చాయ్ లోకి అల్లం చెక్కు తీస్తుంది. ఈమధ్య కప్పు పట్టుకుంటే నా చేతులు వణుకుతున్నాయి. "లగ్గానికి ముందు గూడ గిట్లనే వణికినయంట గద" అని నవ్వి, కప్పు అడుగున తన చెయ్యి పెడుతుంది. ఆనాడు నేనైన ఆ పంతులు పిల్లవాడు గుర్తొచ్చి నేనూ నవ్వుతాను, కొంచెం అసూయపడుతూనే. వాడికి భయంతో వణికాయి, నాకు వయసుతో.