లేసుల బావ

ఆయన పళ్ల సెట్లు కట్టే మేస్త్రీ. ఆ వీధుల్లో సగంమంది ముసలివాళ్లు నమిలేది ఆయన చలవతోనే. చిగుళ్ల మీద వెంట్రుకవాసి తేడా వచ్చినా మళ్లీ అరగదీసి ఇచ్చే మనిషి, తన కాళ్లు తన బూట్లలో పెట్టుకోవడం చేతకాక పరువు పోగొట్టుకున్నాడు.

సంగతేమిటంటే, ఆయనకీ, భార్య తమ్ముడికీ డుయాథ్లాన్ పిచ్చి. ముందు పరుగు, తర్వాత సైకిలు, మళ్లీ పరుగు. పరుగులో బావమరిది ఆయన దరిదాపులకు వచ్చేవాడు కాదు. కానీ సైకిలు దగ్గర పరుగు బూట్లు విప్పి, అడుగునున్న బిళ్లతో పెడల్‌కి టక్కున బిగుసుకునే బిళ్ల బూట్లు తొడిగి, దిగాక మళ్లీ విప్పి, తొడిగి, లేసులు కట్టుకునేసరికి మేస్త్రీకి తలప్రాణం తోకకొచ్చేది. ఆలోగా బావమరిది దాటిపోయేవాడు. పోయినవాడు ఊరుకుంటాడా? "ముడి బాగా బిగించు బావా" అని ఒక మాట విసిరి మరీ పోయేవాడు. ఇంట్లో నలుగురు చేరితే చాలు, ఆ లేసుల కుస్తీని నేల మీద కూర్చుని నటించి చూపించేవాడు. అలా 'లేసుల బావ' అన్న పేరు స్థిరపడింది. నోట్లో ఒక్క పన్నూ లేనివాళ్లు కూడా ఆ పేరు మాత్రం స్పష్టంగా పలికేవారు.

మేస్త్రీకి పతకం అక్కర్లేదు. ఒక్కసారి బావమరిది కంటే ముందు గీత దాటి, ఆ పేరు వదిలించుకుంటే చాలు.

బూట్లకి సాగే లేసులు వేశాడు. మడమ దగ్గర పట్టుకు లాగడానికి గుడ్డ పట్టీ కుట్టించాడు. పని గదిలో ప్లాస్టర్ గట్టిపడే లోపు నిలబడే విప్పడం, నిలబడే తొడగడం సాధన చేశాడు. బల్ల మీది ప్లాస్టర్ దవడలు వరసగా ఇకిలిస్తూ చూసేవి.

భార్య కొన్నాళ్లు చూసి, ఇక ఉండబట్టలేక అడిగింది. "పందెం చిన్నదే కదండీ. అసలు బూట్లు మార్చడం ఎందుకు? పరుగు బూట్లతోనే తొక్కకూడదా?"

"నీకు తెలీదు. బిళ్ల బూట్లయితే కాలి బలమంతా చక్రానికే పోతుంది."

"అక్కడ కలిసొచ్చేదెంత, ఇక్కడ కూర్చుని పోగొట్టుకునేదెంత?"

మేస్త్రీ విసుక్కున్నాడు. మర్నాడు దొంగచాటుగా రెండు రకాలుగానూ తొక్కి చూసుకుంటే ఆవిడ మాటే నిజమని తేలింది. ఆ మాట పైకి అనకుండా, కాలివేళ్లు దూర్చే బుట్ట, చుట్టూ పట్టీ ఉన్న మామూలు పెడళ్లు బిగించాడు. ఏ బూటైనా అందులో దూర్చి పట్టీ లాగితే సరి. పందెం రోజున బిళ్ల బూట్లు ఇంట్లోనే వదిలేసి వెళ్లాడు.

మొదటి పరుగు ముగించి, అందరికంటే ముందు సైకిలు దగ్గరికొచ్చాడు. నెలల తరబడి అలవాటు పడ్డ చేతులు ఎవరినీ అడగలేదు. కళ్లు మూసి తెరిచేలోగా బూట్లు రెండూ విప్పేశాయి. జన్మలో అంత నేర్పుగా ఎప్పుడూ విప్పలేదు. ఇంట్లో ఉన్న బూట్ల కోసం సాక్సులతో నిలబడి చుట్టూ వెతుకుతున్నాడు.

ఈలోగా బావమరిది వచ్చి, చూసి, తన బూటు తొడుక్కోవడం కూడా మానేసి నవ్వాడు.

కంచె అవతలినుంచి భార్య అంది. "వెతక్కండి, అవి ఇంట్లో ఉన్నాయి. టైమైపోతోంది, అలాగే ఎక్కండి."

ఎక్కాడు. అరికాళ్లు మండిపోయాయి. సిగ్గు అంతకంటే ఎక్కువ మండింది. దారిలో బావమరిది చెయ్యి ఊపుతూ దాటిపోయాడు. మేస్త్రీ తిరిగొచ్చేసరికి అతను బిళ్ల బూట్లు విప్పేసి, నేల మీద కూర్చుని, చెమట చేతులతో లేసులు కట్టుకుంటున్నాడు. మేస్త్రీ బూట్లు వదిలిన చోటే నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. నిలబడే కాళ్లు దూర్చాడు, మడమ పట్టీలు లాగాడు.

"ముడి బాగా బిగించరా" అని పరుగెత్తాడు. గీత దాటేదాకా వెనక్కి తిరిగి చూడలేదు. దాటాక తిరిగి చూసి, బావమరిది ఇంకా ఆఖరి మలుపు దగ్గరే ఉన్నాడని తెలిసి, పిల్లాడిలా సంతోషపడ్డాడు.

లేసుల బావ అన్న పేరు పోయింది. ఇప్పుడాయన సాక్సుల బావ. నలుగురు చేరినప్పుడు బావమరిది ఆ వెతుకులాటంతా నటించి చూపించి, సైకిలు ఎక్కించేసి కథ ఆపేస్తాడు.

"ఒరేయ్, ఆఖరు కూడా చెప్పు" అంటుంది అక్క. వాడు నీళ్లు నములుతాడు. మేస్త్రీ మొహం వెలిగిపోతుంది.

అప్పుడావిడ మొగుడి వైపు తిరుగుతుంది. "బిళ్ల బూట్లు మానెయ్యాలన్న ఆలోచన ఎవరిదో మీరు చెప్పండి."

మేస్త్రీ కూడా నీళ్లు నమలడం మొదలుపెడతాడు.