నాన్న కలిపిన తీగ

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లేదు. పదో తరగతి చదువుతున్నాను మరి. (ఇప్పుడు రోజుకొకటి చొప్పున తెలియనివి బయటపడుతున్నాయి.) మా జంషెడ్‌పూర్ స్కూల్లో సైన్సు ప్రదర్శన పెట్టారు. మొదటి బహుమతి వస్తే రాంచీ పంపిస్తారు. రాంచీకి ఏ చుడీదార్ వేసుకెళ్లాలో తేల్చుకున్నాక, ఏ మోడల్ చేయాలా అని ఆలోచించాను. నాడీకణాలు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయో చూపిద్దామనుకున్నాను. థర్మోకోల్ మీద రెండు కణాలు, వాటికి రాగితీగ తోకలు, వరసగా చిన్న బల్బులు, తోకల మధ్య వేలెడు ఖాళీ. గొప్పంతా ఆ ఖాళీలోనే ఉంది. కరెంటులా వచ్చిన కబురు అక్కడ ఆగుతుంది. మొదటి కణం వదిలిన రసాయనం ఖాళీ దాటి రెండోదాన్ని తాకితేనే కబురు మళ్లీ బయల్దేరుతుంది. ఆ రసాయనం కింద అమ్మ డబ్బాలోని సగ్గుబియ్యానికి ఎర్రరంగు అద్ది ఆ ఖాళీలో పోశాను.

నాన్న గోల్‌మురిలో ఒక కార్ఖానాలో ఎలక్ట్రీషియన్. పది రోజులు నా చుట్టూ తిరుగుతూ, "ఏటమ్మా ఇది?" అని అడిగేవారు. "ఆప్ నహీ సమ్‌ఝేంగే, పాపా" అనేదాన్ని, తలెత్తకుండానే. (మీకు అర్థం కాదని తెలుగులో అనడానికి నోరు రాలేదు. హిందీలో అంటే మర్యాదగా ఉంటుందనిపించేది.)

ప్రదర్శన రోజు పొద్దున్న నేను జడ వేయించుకుంటుంటే, నాన్నే మోడల్‌ని పాతచీరలో చుట్టి స్కూటరు మీద కట్టారు. వెళ్లేసరికి జడ్జిగారు నా బల్ల దగ్గర నిలబడి ఉన్నారు. చీర విప్పి, ఆయన ముఖంలోకే చూస్తూ బట్టీపట్టిందంతా అప్పజెప్పి, "సంకేతం ఇక్కడ ఆగుతుంది సార్" అని మీట నొక్కాను. రెండు కణాలూ పెళ్లిపందిరిలా వెలిగాయి.

"రుకా తో నహీ, బేటీ" అన్నారాయన. నిజమే, ఆగలేదు. తీగలు రెండూ కలిసిపోయి, పైన నల్లటేపు చుట్టి ఉంది. సగ్గుబియ్యం ఒక్క గింజ లేదు. గుమ్మం దగ్గరున్న నాన్న ముందుకొచ్చి, "లూజ్ కనెక్షన్ థా సర్, మైనే జోడ్ దియా" అన్నారు, తానే కలిపేశానని సంతోషంగా. నావైపు తిరిగి, "సెత్త పడుంటే తుడిసీసినాను తల్లీ" అన్నారు. హాలంతా నవ్వింది. ఆ నవ్వుల మధ్యే ఈయనెవరని జడ్జిగారు అడిగారు. "ఎలక్ట్రీషియన్" అన్నాను. అబద్ధమేం కాదు.

రాంచీకి పక్కబల్ల మీది అగ్నిపర్వతం వెళ్లింది. బయట టీకొట్టు దగ్గర, "ఇప్పుడైనా సెప్పమ్మా, ఏటది?" అన్నారు నాన్న. ఏడుస్తూనే చెప్పాను. రెండు నిమిషాలు పట్టింది.

"అయితే ఖాళీ ఉండాల్సిందే. తీగ కలిపీత్తే వచ్చిందల్లా ఎల్లిపోతాది. ఆ ఖాళీలో ఏసే మందు సేతిలో ఉంటే ఏది పంపాలో, ఏది ఆపాలో సూసుకోవచ్చు" అన్నారు. ఆ ముక్క నా పుస్తకంలో రెండు పేజీల తర్వాత ఉంది. నేను అంతదాకా చదవలేదు.

ఇప్పుడు నేను జీవశాస్త్రం టీచర్ని. ఆ పాఠం వచ్చినప్పుడల్లా నాన్న మాటే చెబుతాను. ఎవరన్నారు మేడమ్ అని పిల్లలడిగితే, మా నాన్న అని గొప్పగా అంటాను. అన్నీ తెలిసిన ఆ పదో తరగతి పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, సిగ్గూ వేస్తుంది. జడ్జిగారికి నేనిచ్చిన జవాబు ఆ రోజు నాన్న విన్నారో లేదో, ఇంతవరకూ అడగలేదు.