చూసిందా, విన్నదా

మా అంగన్‌వాడీ టీచరమ్మ పోయింది. ఆ కబురు నాకు డుంబ్రిగుడ సంతలో తెలిసింది. అల్లం బేరమాడుతుంటే మా ఊరామె ఒకరు పక్కకి పిలిచి, "అమ్మీ, మీ టీచరమ్మ తెల్లారగట్ల పోనాది. నిద్దర్లోనే" అంది. అల్లం అక్కడే వదిలేసి వచ్చేశాను. నాలుగేళ్ల మా అమ్మాయి నా వేలు పట్టుకుని నడిచింది.

ఆవిడ మా కొండమీద రెండు తరాల పిల్లలకి పప్పన్నం పెట్టింది. గొంతు బొంగురు, పాటలు పెద్దగా రావు. కోపం ఇట్టే వచ్చేది, అంత తొందరగానే పోయేది. ఇళ్లకి పంపేముందు మాత్రం పిల్లల్ని ఒక్కొక్కరినీ అడిగేది: "ఇయ్యాల నీకేటి గుర్తున్నాది?" మరీ చిన్నవాళ్లు ఎదురుగా కనబడ్డ కుక్కనో, గిన్నెనో చూపించేవారు. కాస్త ఎదిగినవాళ్లు పక్కవాడు చెప్పిందే మళ్లీ చెప్పేవారు. అప్పుడు అసలు ప్రశ్న వచ్చేది. "నువ్వు సూసినావా, ఇన్నావా?"

ఆ రెండూ వేరని మాకు తెలిసేది కాదు. ఒకసారి మా వీధి కుర్రాడొకడు ఎలుగుబంటిని చూశానని ఏడుస్తూ మరీ చెప్పాడు. చూసింది వాళ్ల తాత, అదీ వీడు పుట్టకముందు. టీచరమ్మ నవ్వలేదు, తిట్టలేదు. "అబద్దం కాదురా అది. మీ తాతది నీలోకొచ్చీసినాది, అంతే. తాతది తాతకిచ్చీ" అంది. వాడికేం అర్థమైందో గానీ ఏడుపు మానేశాడు.

నాకు ఊహ తెలిసీ తెలియకముందే అమ్మ జ్వరంతో పోయింది. ఎవరింటికెళ్లినా అమ్మ గురించి చెప్పేవారు. థింసా నాట్యం ఆడితే ముందు నిలబడేదని, కాఫీపళ్లు కోయడంలో చెయ్యి చురుకని, దేవతకి పెట్టనిదే ఏదీ నోట్లో వేసుకునేది కాదని. అవన్నీ కళ్లారా చూసినట్టే నేనూ చెప్పేదాన్ని. అమ్మకి ప్రాణస్నేహితురాలైన టీచరమ్మ ఒక్కతే ఏమీ చెప్పేది కాదు. నాకదే ఉక్రోషం. పెద్దబడికి వెళ్లే వయసొచ్చాక ఒకరోజు నిలదీశాను.

"నాను సెప్తే నాదే నీకు మిగుల్తాది, గుంటా. నీది దానికింద పడి నలిగిపోతాది. ముందు నీదేటో ఎతుకు."

వెతికాను. దొరికిందల్లా ఎవరో చెప్పిందేనని తేలుతుంటే భయం వేసింది. నాకంటూ అమ్మ లేదేమో అనిపించింది. చివరికి ఒకటి దొరికింది. తలుపు వెనక చీకటి, నా నోట్లో ఉప్పూ కారం అద్దిన మామిడికాయ ముక్క, ఆ నోటికి అడ్డంగా అమ్మ అరచెయ్యి. చెయ్యి ఎందుకు అడ్డం పెట్టిందో తెలీదు.

అది టీచరమ్మకి చెప్పాను. మా దగ్గర మామిడి కొత్త పండగ చేసి, దేవతకి పెట్టకుండా ఎవరూ కాయ ముట్టరు. ముట్టినా పైకి చెప్పుకోరు. "కొత్త అవకముందే పెట్టీసినాది నీకు. నువ్వు మారాం సేసినావు కామాల" అని కళ్లు తుడుచుకుంది. "ఈ ముక్క నీకెవులూ సెప్పలేరు. నాకే తెలీదు. ఇది నీదేనే."

ఆ తర్వాత అమ్మ గురించి ఆవిడ చెప్పని సంగతి లేదు. అన్నీ విన్నాను, దాచుకున్నాను. ఆ పులుపు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. దానికి నేను ఆవిడకెంత రుణపడ్డానో చెప్పలేను.

నాకు కూతురు పుట్టాక, నేను తోటకి వెళ్లినప్పుడల్లా దాన్ని ఆవిడ దగ్గరే వదిలేదాన్ని. మొన్న ఆవిడని సాగనంపి వచ్చాక అది అరుగు మీద కూర్చుని అడిగింది.

"అమ్మా, టీచరమ్మ నాకు గుర్తుంటాదా?"

చెప్పాల్సినవన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. మింగేశాను. "నీకేటి గుర్తున్నాది?" అన్నాను.

అది లేచి వెళ్లి చెప్పులు తెచ్చుకుని కుడిది ఎడమకాలికి, ఎడమది కుడికాలికి వేసుకుంది.

"నాను ఇలగేసుకుంటే టీచరమ్మ మార్సీది. మడం ఇలగ పట్టుకునీసి."

అది నేనెప్పుడూ చూడలేదు, ఎవరూ నాకు చెప్పలేదు. చెప్పులు సరిచెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. తిరగేసిన చెప్పులతోనే కాళ్లు రెండూ ముందుకి చాపి, మా అమ్మాయి కదలకుండా కూర్చుంది.