అమెజాన్ రచయితకి చెమట పట్టిన మధ్యాహ్నం

రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, ఒక మార్చి నెలలో, అమెరికాలో క్యారీ అనే ఊరి దగ్గరి బొటానికల్ గార్డెన్‌లో వర్షారణ్యపు గాజుగది నా చేతికి వచ్చింది. హోదా సూపర్‌వైజర్. అసలు పని, గాలిలో తేమ తగ్గకుండా చూడడం. కప్పు కింద అమర్చిన సన్నని గొట్టాలు కాసేపటికోసారి పొగమంచులా నీళ్లు చల్లుతాయి. ఆ నెలలోనే, గింజ నుంచి సీసాల్లో పెంచిన ఆర్కిడ్ మొక్కల్ని ట్రేలలోకి మార్చాం. వేళ్లు పట్టేదాకా తేమ లేకపోతే అవి బతకవు. అడవిలో ఆ జాతి దాదాపు కనబడడం లేదు కనుక ఆ ట్రేలంటే నాకు ప్రాణం.

సరిగ్గా అప్పుడే మా డైరెక్టర్ లిండా, శ్రీధర్‌గారి పుస్తకావిష్కరణ సభ అక్కడే పెట్టారు. అమెజాన్ అడవి మీద ఈయనవి ఏడు పుస్తకాలు. బాల్యం విజయవాడ, ఉద్యోగం హెర్న్‌డన్, ఆత్మ మాత్రం అమెజాన్ అని అట్ట వెనక ఆయనే వేయించుకున్నారు. మొదటి పుస్తకంలో అడవి ఆయన్ని పిలిచింది. మూడోదానిలో ఆయన రక్తంలో కలిసింది. ఆరోదానికి వచ్చేసరికి, ఆయన లేనిదే అడవికి పొద్దుపోవడం లేదు. ఇంతకీ ఆయన వెళ్లింది ఒక్కసారి, ఓడలో, ఏసీ గదిలో.

గాజుగదిలో అడుగుపెట్టిన కాసేపటికే ఆయన పట్టు లాల్చీ వీపుకి అతుక్కుపోయింది.

"మేడమ్, ఇంత హ్యూమిడ్‌గా ఉందేంటండీ? కాస్త ఏసీ ఆన్ చేయిస్తారా?"

"వర్షారణ్యం కదండీ," అన్నాను.

"అది ఓకే అండీ. కానీ బుక్స్ డ్యామేజ్ అవుతాయి కదా! ఈవెంట్ అయ్యేదాకా ఆ స్ప్రే ఆపేయండి, ప్లీజ్."

కుదరదన్నాను, కారణమూ చెప్పాను. ఆయన నేరుగా లిండా దగ్గరికి వెళ్లారు. అతిథుల విషయంలో డైరెక్టర్ మాటే చివరిది. ఆవిడ స్వయంగా కంట్రోల్ రూమ్‌కి వెళ్లి నీళ్లు ఆపేసి, పైకప్పు కిటికీలు తెరిపించారు. పొడిగాలి లోపలికి దూసుకొచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. చేతికందిన ట్రేలు నర్సరీ గదికి మోసుకుపోయాను. తిరిగొచ్చేసరికి దారి నిండా కుర్చీలు, ప్రసంగం మొదలైపోయింది. అడవిని కాపాడుకోవాలంటూ ఆయన గొంతు గద్గదమైంది. జనం చప్పట్లు కొట్టారు. అక్కడే ఉండిపోయిన ట్రేలలో, పొడిగాలికి వాడిన మొక్కలన్నీ ఆ వారంలో ఎండిపోయాయి. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

మరుసటి ఏడాది ఎనిమిదో పుస్తకం సంతకంతో సహా పోస్టులో వచ్చింది. అందులో ఒక అధ్యాయం మా ఆర్కిడ్‌కి నివాళి. "నా కళ్లముందే అంతరించింది" అని రాశారు. ఆయన రచనలన్నిటిలో నేను చూసిన మొదటి నిజం అదే.

అప్పటినుంచి కంట్రోల్ రూమ్ తాళంచెవి నా దగ్గరే పెట్టుకున్నాను. లిండా అడిగితే ఎక్కడో పెట్టి మరిచిపోయానని చెప్పేదాన్ని. మొక్కల్ని పురుగు నుంచే కాదు, అభిమానుల నుంచి కూడా కాపాడాలని ఈ ఉద్యోగంలో ఆలస్యంగా తెలిసింది. నర్సరీ గదికి చేర్చిన మొక్కలు ఇప్పుడు పూస్తున్నాయట. శ్రీధర్‌గారికి ఎవరూ చెప్పలేదు. చెబితే తొమ్మిదో పుస్తకం ఆవిష్కరణ కూడా అక్కడే పెడతారు.