ఆరు నెలలు వాడిన సామాను

మా వంటింటి గట్టు మీద రెండు గ్రైండర్లున్నాయి. ఇంట్లో ఉండేది నేనూ మా ఆయనా, ఇద్దరమే. వారానికోసారి పిండి రుబ్బుకునే ఇంటికి రెండెందుకని వచ్చినవాళ్ళు అడుగుతారు. ఒకటి నాదీ, ఒకటి దాచమని ఇచ్చిందీ అని చెబుతాను. అంతవరకు అబద్ధమేమీ లేదు.

నాది ముందు వచ్చింది. గచ్చిబౌలి దాటాక ఉన్న ఒక ఆఫీసులో నాది తొమ్మిదేళ్ళ ఉద్యోగం. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకునే పని. మా టీములో ఎవరికి ఏ సందేహమొచ్చినా, "మేడమ్‌ని అడగండి, ఆమెకు తెలుస్తుంది" అంటారు. నేను తెలీదు అనగా విన్నవాళ్ళు లేరు. తెలియకపోతే మధ్యాహ్నం లోపు తెలుసుకుని చెప్పేదాన్ని, అది నా పొగరు. మా క్లయింటు జర్మనీలో ఉంటాడు. రెండేళ్ళకొకసారి మా టీము నుంచి ఒకరిని అక్కడికి పంపుతారు. కిందటిసారి వెళ్ళినావిడ తిరిగి వస్తున్నప్పుడు మా మేనేజరు, "తర్వాత మీరేనండి" అన్నాడు. ఒకసారి కాదు, రెండుసార్లన్నాడు.

ఇంకేముంది, నేను ప్రయాణం కట్టేశాను. ఆ దేశం కస్టమ్స్ వాళ్ళ నిబంధనలన్నీ చదివాను. కాపురం మార్చుకుని వెళ్ళేవాళ్ళు ఓడలో వేసే ఇంటి సామానుకు పన్ను పడకూడదంటే, ఆ సామాను కనీసం ఆరు నెలలు వాళ్ళ దగ్గర ఉండి, వాళ్ళు వాడినదై ఉండాలి. కొత్తవి కొని పెట్టెలో పెడితే కుదరదు. అందుకని అన్నీ ముందే కొన్నాను. గ్రైండరు, మిక్సీ, ఇస్త్రీపెట్టె, రెండు బొంతలు. మా వైపు ఇళ్ళలో ఫ్రిజ్ తలుపు మీది ప్లాస్టిక్ కాగితం దానంతటది చిరిగేదాకా ఎవరూ తీయరు. నేను గ్రైండరు తెచ్చిన రోజే దాని మీది కాగితం చింపేసి, ఆ సాయంత్రమే పిండి రుబ్బాను. బిల్లులన్నీ ఫైలులో పెట్టాను. కంప్యూటర్లో పట్టిక చేసి వస్తువు పేరు, కొన్న తారీకు, ధర రాశాను. పక్కనే ఇంకో పేజీలో నిబంధనలు రాసి, ముఖ్యమైన వాటికి రంగు వేశాను. మా ఆయన ఆ గ్రైండరును చూసినప్పుడల్లా, "దీనికి ఆరో నెల వచ్చిందిగా, సీమంతం చేద్దామా" అనేవాడు.

గ్రైండరుకు ఎనిమిదో నెల నడుస్తుండగా మేనేజరు మీటింగు పెట్టి, వెళ్ళేది ఎవరో చెప్పాడు. నేను కాదు. మూడేళ్ళ కిందట చేరిన అమ్మాయి. కరీంనగర్ వైపు పిల్ల. వచ్చిన మొదటి వారం కుర్చీ ఎత్తు తగ్గించుకోవడం కూడా నేనే చూపించాను. పని నేర్పింది నేను, క్లయింటుతో ఎలా మాట్లాడాలో నేర్పింది నేను. అందరూ చప్పట్లు కొట్టారు. నేను అందరికంటే గట్టిగా కొట్టాను.

నాకు కుళ్ళు వచ్చింది. ఈ మాటకు మెత్తటి మాట వెతకను. ఆ రోజు క్యాంటీన్లో ఆమె పంచిన మైసూర్‌పాక్ తిన్నాను, బాగుందని కూడా అన్నాను. ఆమె జడ వేసుకున్న తీరు మీద కోపం, ఆమె నవ్వు మీద కోపం. పైగా ఆమె మంచిది. చెడ్డదైతే నా పని ఎంత సుఖంగా ఉండేది!

మర్నాడు భోజనాల దగ్గర నా పక్కన కూర్చుని, "అక్కా, నాకేం ఎరుక లేదు. ఏం తీస్కపోవాలె, ఏం తీస్కపోవద్దు, అంతా నువ్వే చెప్పాలె" అంది. ఆ ప్రయాణం నాదనుకున్న సంగతి ఆమెకు తెలియదు. ఆఫీసులో నేనెవరికీ చెప్పుకోలేదు కదా.

చెప్పాను. మూడు వారాలు చెప్పాను. తప్పు చెప్పడం నాకు చేతకాదు, అది కూడా పొగరే. పది వేల యూరోలు గానీ అంతకు మించి గానీ నగదు చేతిలో ఉంటే, అక్కడ దిగగానే కాగితం మీద రాసి చూపించాలన్నాను. అంత డబ్బు తాను ఇంతవరకు చూడనే లేదని నవ్వింది. మన రూపాయలు పాతిక వేలకు మించి దేశం దాటించకూడదన్నాను. ఒంటి మీది బంగారానికి ఫొటోలూ బిల్లులూ దగ్గర పెట్టుకోమన్నాను. పాలతో చేసినవేవీ ఆ దేశంలోకి రానివ్వరని చెబితే, ఊరి నుంచి తెప్పించుకున్న నెయ్యి డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "నువ్వే తిను అక్కా, పారేస్తె పాపం" అంది. ఆ నెయ్యి మా ఇంట్లో రెండు నెలలు వచ్చింది. మంచి నెయ్యి. వేడన్నంలో వేసుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

సామాను కట్టేవాళ్ళు శనివారం వస్తారనగా శుక్రవారం నన్ను ఇంటికి రమ్మంది. నానక్‌రామ్‌గూడ పాత ఊళ్ళో, టవర్ల వెనక సందులో రెండు గదుల కిరాయి ఇల్లు. షేర్ ఆటో దిగి నడిచాను. గదిలో అన్నీ వరుసగా పేర్చి పెట్టింది, నేను చెప్పినట్టే, పాతవన్నీ ఒక పక్క. నేను ఒక్కొక్కటే చూసి సరేనంటుంటే ఆమె జాబితాలో రాస్తోంది. అంతా అయిపోయాక మంచం కింద నుంచి గోనెసంచిలో చుట్టిన ఒకదాన్ని లాగింది.

చిన్న గ్రైండరు. బజారులో దొరికేది కాదు. ఆమె అన్న బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. చెల్లెలు ఇడ్లీ లేకుండా ఉండలేదని, మామూలు గ్రైండరు సూట్‌కేసుకు బరువవుతుందని, డ్యూటీ అయిపోయాక కూర్చుని తనే చేశాడట. డ్రమ్ము లేత్ మీద తనే చేశాడు, రాళ్ళు చిన్నవి చేయించాడు, మోటారు ఎక్కడో వెతికి కొన్నాడు. మొత్తం ఎనిమిది కిలోలు. అంచులు చేత్తో తడిమి చూశాను, ఎక్కడా గరుకు లేదు.

"ఇరవై దినాలు పట్టిందక్కా. మొన్న బండి మీద కట్టుకొని తెచ్చిచ్చిండు" అంది.

డ్రమ్ము మీద, పెళ్ళిలో ఇచ్చే స్టీలు గిన్నెల మీద చెక్కించినట్టు, చుక్కలు చుక్కలుగా అక్షరాలున్నాయి. ఆమె పేరు, దాని కింద 'అన్న' అని, దాని కింద తారీకు. మన ఇళ్ళలో ఏ వస్తువిచ్చినా తారీకు లేకుండా ఇవ్వం కదా. ఆ తారీకుకు అప్పటికి నాలుగు రోజులే అయింది.

నాకు జర్మనీ వెళ్ళే అవకాశం పోయింది. ఆమెకు ఆ అవకాశమూ వచ్చింది, ఇరవై రోజులు కూర్చుని గ్రైండరు చేసిపెట్టే మనిషీ ఉన్నాడు. ఆరు నెలలు ముందుచూపుతో నేను కొన్న గ్రైండరు ఇంట్లో గట్టు మీద కూర్చుని ఉంది. ఆ క్షణాన నా బుర్రలో ఉన్నది ఇదే.

"ఇది పోదమ్మా" అన్నాను. "ఆరు నెలలు వాడింది కావాలి. పైగా కొత్తదని మీ అన్నే తారీకు వేసి మరీ ఇచ్చాడు. చూడగానే పట్టేస్తారు."

"ఓడల వద్దు తీ. సూట్‌కేసుల పెట్టుకోనా? అందుకే గదా ఇంత చిన్నగ చేసిండు."

ఇక్కడ నేను ఆగాను. ఎందుకంటే ఓడలో వెళ్ళే సామాను నిబంధన వేరు, మనిషి వెంట వెళ్ళే పెట్టె నిబంధన వేరు. విమానంలో వెంట తీసుకెళ్ళేదానికి, సొంతానికైతే, నాలుగు వందల ముప్పై యూరోల విలువ దాకా కొత్తదైనా సరే పన్ను లేదు. ఆ గ్రైండరు విలువ అందులో పావు వంతు కూడా ఉండదు. ఈ సంగతి నాకు నా పుట్టినరోజు తెలిసినంత బాగా తెలుసు.

"సూట్‌కేసులోనూ అంతే" అన్నాను.

ఆమె డ్రమ్ము మీది అక్షరాలను చున్నీ కొంగుతో తుడిచి, మళ్ళీ గోనెసంచి చుట్టింది. "ఇగ నువ్వు చెప్తె అంతే. నీకు తెల్వంది ఉంటదా" అంది. సంచి నా వైపు జరిపి, "ఇది నీ దగ్గరుంచుతవా అక్కా? ఇక్కడుంటె అన్న చూస్తడు. తీస్కపోయిన అనే చెప్త. జర దాచిపెట్టు" అంది.

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అని మా అమ్మ ఒకావిడను తిట్టేది. ఆ సాయంత్రం ఎనిమిది కిలోల గోనెసంచి ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వస్తుంటే నాకు ఆ తిట్టే గుర్తొచ్చింది. ఇంకా టైముంది, ఫోను చేసి చెప్పవచ్చు అనుకున్నాను. శనివారం అనుకున్నాను, ఆదివారం అనుకున్నాను. సోమవారం ఆమె విమానమెక్కింది. విమానాశ్రయం నుంచి పెట్టిన ఫొటోలో రెండు సూట్‌కేసులున్నాయి. నేను ఆ ఫొటోను పెద్దది చేసి, వాటిలో చోటు ఎంత ఉండి ఉంటుందా అని చూశాను.

ఏడు నెలలైంది. ఆమె ప్రతి ఆదివారం మధ్యాహ్నం వీడియో కాల్ చేస్తుంది. మంచు చూపిస్తుంది, ట్రామ్ చూపిస్తుంది, నాకు కుళ్ళు తగ్గలేదు. వాళ్ళ అన్న ప్రతి వారం అడుగుతాడట, గ్రైండరు ఎట్ల నడుస్తుందని, రాళ్ళు అరుగుతున్నయా అని. ఏమని చెప్పాలో తెలియక ఆమె నన్నడుగుతుంది. అందుకని దాంట్లోనే రుబ్బుతున్నాను. రాళ్ళు బాగానే ఉన్నాయని, పిండి మెత్తగా వస్తోందని చెబితే, ఆమె అదే మాట అన్నకు చెబుతుంది.

పోయిన ఆదివారం కాల్ చేసినప్పుడు గ్రైండరు తిరుగుతోంది. ఆ చప్పుడు విని మామూలుగానే అంది.

"అక్కా, ఇక్కడ మనోళ్ళొకామె నిన్న చెప్పింది. సూట్‌కేసుల కొత్తది తెచ్చుకున్నా ఏం కాదంట. నాలుగు వందల ముప్పై యూరోల దాక పన్నే లేదంట. నీకు ఎరుక లేదా?"

నేను స్విచ్ ఆపాను. నా పట్టికలో, రెండో పేజీలో, ఆ నిబంధనకు పసుపు రంగు వేసి ఉంది.

"లేదమ్మా, నాకు తెలీదు" అన్నాను.

"పోనీ తియ్యక్కా. నువ్వేం పరేషాన్ కాకు. ఎవరికైన అన్నీ తెలుస్తయా" అంది.

తొమ్మిదేళ్ళలో ఆ ఆఫీసు మనిషి ఒకరితో నేను తెలీదు అనడం అదే మొదటిసారి. ఆమె వెంటనే నమ్మింది.