వినని పాటల పుస్తకాలు

మా అన్న కాలిపోయిన మోటర్లకు తీగ చుట్టేవాడు. జహీరాబాద్ బస్టాండు దాటినంక, రోడ్డు మీదికి తెరుచుకునే ఒక రేకుల గది ఆయన దుకాణం. న్యాల్‌కల్, రాయికోడ్ దిక్కు నుంచి రైతులు బావి మోటర్లను బండ్ల మీద వేసుకొచ్చేవాళ్లు. అన్న వాటిని విప్పి, మాడిన రాగి తీగంతా పీకేసి, కొత్త తీగ ఎక్కించేవాడు. "పొద్దంత రాగి తీగ, పొద్దుగూకితే ఇనుప తీగ. నా కొడుకు బతుకంత తీగలతోనే" అనేది అమ్మ. ఇనుప తీగంటే గిటారు.

గిటారు చర్చిలో నేర్చుకున్నాడు. నా చిన్నప్పుడే నాయిన చనిపోతే, అమ్మ దవాఖానలో ఆయాగా చేరి మమ్మల్ని సాకింది. అన్న ఇంటర్‌తో చదువు ఆపి దుకాణం పెట్టాడు, నన్ను మాత్రం టీచర్ ట్రైనింగ్ దాకా చదివించాడు. ఆయనకు ఒక దోస్తు ఉండేవాడు. దర్జీ పని, మంచి గొంతు. ఇంట్లో అందరం ఆయన్ని పాటలాయన అనేవాళ్లం. వీళ్లిద్దరూ ఇంకో ఇద్దరు ముగ్గురిని కలుపుకొని డెబ్బైల చివర్లో ఒక ఆర్కెస్ట్రా పెట్టారు. పెళ్లిళ్లలో తెలుగు, హిందీ సినిమా పాటలు పాడేవాళ్లు. బీదర్ దిక్కు పోతే రెండు కన్నడ పాటలు కూడా.

అన్నకు ఇంగ్లీషు బ్యాండ్ల పిచ్చి పుస్తకాల వల్ల పట్టింది, పాటల వల్ల కాదు. రాగి తీగ కొనడానికి హైదరాబాద్ పోయినప్పుడల్లా ఐతారం దాకా ఆగి, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతికేవాడు. ఒకసారి, అట్ట మీద గిటారు బొమ్మ ఉందని ఒకటి తెచ్చుకున్నాడు. అది ఎవరో రాక్ గాయకుడు రాసుకున్న జీవితకథ. డిక్షనరీ పక్కన పెట్టుకొని దాన్ని పూర్తి చేశాడు. ఆ తర్వాత అలాంటివే వెతికి తెచ్చేవాడు. గాయకులు రాసుకున్నవి, డ్రమ్ములు కొట్టేవాళ్లు రాసుకున్నవి, బ్యాండ్ల మీద పత్రికలవాళ్లు రాసినవి.

ఆ పాటలు మాత్రం మేము ఒక్కటి కూడా వినలేదు. మా ఊళ్లో ఆ రికార్డులు ఎక్కడ దొరుకుతాయి? రేడియోలో అప్పుడప్పుడు ఇంగ్లీషు పాటలు వచ్చేవి గానీ, అవి ఎవరివో తెలిసేది కాదు. అయినా ఏ పాట ఎట్లా పుట్టింది, దానికోసం ఎవరెవరు కొట్లాడుకున్నారు, ఎవరు అలిగి ఇంటికి పోయారు, ఇవన్నీ మాకు మా వాడకట్టు ముచ్చట్లంత బాగా తెలుసు.

సాయంత్రం దుకాణం ముందు బల్ల మీద కూర్చుని అన్న చదివి తెలుగులో చెప్పేవాడు. పాటలాయనకు ఇంగ్లీషు రాదు. ఆయన ఒడిలో ఎవరిదో అంగీ పెట్టుకొని గుండీలు కుడుతూ వినేవాడు. నేను కాలేజీ నుంచి వచ్చి అక్కడే కూర్చునేదాన్ని.

అన్నకు ఆ పుస్తకాల మీద గట్టి అభిప్రాయాలుండేవి. గాయకులు రాసినవి ఆయనకు పడవు.

"ఏ పేజీ తీసినా నేను, నేను, నేను. ఎనక వాయించెటోళ్లు మనుషులు కారా?" అనేవాడు.

పాటలాయన సూది ఆపేవాడు. "పాడెటోడు లేకుంటె మీ డప్పులు ఇననీకి ఎవడొస్తడు బే?"

"అందుకే డ్రమ్ములాయన రాసింది ఇనుమంట. ఆయన అందరి ఎనక కూసుంటడు. అందరి ఈపులు సూస్తడు. ఎవడు వణుకుతున్నడో, ఎవడు తాగొచ్చిండో ఆయనకే ఎరుక."

"నా ఈపు గూడ సూస్తున్నవా అయితే?"

"సూస్తున్న. అందుకే చెప్తున్న, మొన్నటి పెండ్లిల రెండో చరణం మింగినవ్."

పత్రికలవాళ్లు రాసిన బ్యాండ్ చరిత్రల మీద ఆయన మాట వేరే. "వీళ్లకు అన్ని తెలుసు. కాగితం మీద సంతకం ఎప్పుడు చేసిన్రో తెలుసు, ఏ హోటల్ల దిగిన్రో తెలుసు. తీగ నొక్కి నొక్కి వేళ్లు పగిలితె ఎట్లుంటదో తెల్వదు." ఏ పుస్తకమైనా మొదటి సగమే రెండోసారి చదివేవాడు. ఇరుకిల్లు, అడిగి తెచ్చుకున్న గిటారు, విసుక్కునే పొరుగువాళ్లు, అక్కడిదాకానే. "పైసలొచ్చినంక అందరి కథ ఒక్కటే" అని పుస్తకం మూసేవాడు.

నాకూ ఒక అభిప్రాయం ఉండేది, కానీ చెప్పేదాన్ని కాదు. ఆ పుస్తకాల్లో తల్లులు మొదటి అధ్యాయంలో వస్తారు, మళ్లీ కొడుకు పేరొచ్చాక ఒకసారి వచ్చి కళ్లు తుడుచుకుంటారు. చెల్లెళ్లయితే అసలే మాట్లాడరు.

డ్రమ్ములాయన పుస్తకంలో ఒక చోటంటే అన్నకు ప్రాణం. ఒక పాట నడుమ అందరూ ఆగిపోతారట, డ్రమ్ము ఒక్కటే కాసేపు మోగుతుందట. రికార్డు చేసే రోజు ఆయన అక్కడ ఒక దెబ్బ తప్పు కొట్టాడు. ఎవరూ గుర్తు పట్టలేదు. ఆయనా నోరు మెదపలేదు. ఆ తప్పు అట్లాగే లోకమంతా తిరిగిందని రాసుకున్నాడు.

"ఆ పాట దొరికితె, తప్పు నేను పట్టుకుంట సూడు" అనేవాడు అన్న.

ఎనభైల మొదట్లో అన్నకు దగ్గు పట్టింది. సాయంత్రమైతే జ్వరం వచ్చేది. మోటర్ల వార్నిష్ వాసన పడక అనుకున్నాం. ఒక పొద్దున దగ్గితే చేతిరుమాలులో ఎర్రగా పడింది. దవాఖానలో ఫొటో తీసి టీబీ అన్నారు.

గోళీలతో పాటు రోజూ ఒక సూది వేయించుకోవాలన్నారు. అమ్మ డ్యూటీకి పోయేటప్పుడు వెంట తీసుకుపోయి సూది ఇప్పించి దుకాణానికి పంపేది. నెలలు గడిచేకొద్దీ దగ్గు తగ్గింది, ఒంటికి కండ పట్టింది. అమ్మ చర్చిలో కొబ్బరికాయలు, కోడిపిల్ల కానుకగా ఇచ్చి వచ్చింది.

అదే రోజుల్లో అన్న ఒకసారి అన్నాడు. "చెల్లె, చెవుల్ల గుయ్యిమని ఒకటే మోత."

"ఇన్నేండ్లు స్పీకర్ల పక్కన నిలబడ్డవు గదన్నా, అందుకే" అన్నాను. ఆయన కూడా అదే అనుకున్నాడు. అప్పుడప్పుడు నడుస్తూ తూలేవాడు. నీరసమని అమ్మ గుడ్లు పెట్టింది.

రాయికోడ్‌లో ఒక పెళ్లికి ఆర్కెస్ట్రా పోయింది. జబ్బు తర్వాత అదే మొదటి ప్రోగ్రాం కాబట్టి అమ్మ నన్ను తోడు పంపింది. మధ్యాహ్నం పూట, పందిరి కింద. అన్న గిటారు శ్రుతి చేసుకున్నాడు, పాటలాయన అందుకున్నాడు. నాలుగు ముక్కలు పాడాడో లేదో వెనక్కి తిరిగి చూశాడు. మళ్లీ పాడాడు, మళ్లీ చూశాడు. నాకు సంగీతం రాదు, అయినా నాకే తెలుస్తోంది. సన్న తీగ పలికినప్పుడల్లా పాటకు అడ్డం పడుతోంది. అన్న మాత్రం కళ్లు మూసుకొని హాయిగా వాయిస్తున్నాడు.

పాట అయిపోయాక పాటలాయన దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "అరే, సన్న తీగ దిగిపోయింది. సూసుకో జర."

అన్న ఆ తీగను చెవి దగ్గర పెట్టుకొని మీటాడు, మళ్లీ మీటాడు. తర్వాత గిటారును పాటలాయన చేతికిచ్చాడు. "నువ్వే చెయ్ రా. నాకు అది ఇనొస్తలేదు."

మర్నాడే డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన మంచివాడు. అంతా విన్నాడు. సూదిమందు కొందరి చెవుల మీద పడుతుందని, ఇప్పుడే ఆపేసి వేరే గోళీలు ఇస్తానని చెప్పాడు.

"పోయింది మల్ల వస్తదా సారూ?" అమ్మ అడిగింది.

"చెప్పలేనమ్మా. కానీ ఆ మందు లేకుంటె మీ కొడుకు ఇయ్యాల నడిచి వచ్చేటోడు కాదు."

సూది ఆపినా వినికిడి పోతూనే ఉంది. ముందు సన్న తీగ, తర్వాత పిట్టల అరుపులు, తర్వాత నా గొంతు, చివరికి పాటలాయన గొంతు. హైదరాబాద్‌లో చెవుల డాక్టరుకు చూపించాం. నరం చచ్చిపోయింది, మిషన్ పెట్టినా లాభం లేదన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అన్న కిటికీ పక్కన కూర్చున్నాడు. చిరాగ్‌పల్లి చెక్‌పోస్టు దిక్కు పోయే లారీలు హారన్లు కొట్టుకుంటూ దాటిపోతుంటే ఒక్కదానికీ ఆయన ఉలిక్కిపడలేదు. అమ్మ నా చెయ్యి పట్టుకొని, "నేనే గదనే రోజూ తోల్కపోయి ఇప్పిచ్చిన" అంది. కాదని ఎట్లా చెప్పను? తీసుకుపోకుంటే ఏమయ్యేదో ఇద్దరికీ తెలుసు. తెలిసి ఏం లాభం?

ఆ తర్వాత మేము ఆయనతో పలక మీద రాసి మాట్లాడేవాళ్లం. మోటర్ల పని ఆగలేదు, దానికి చేతులు చాలు. ఆర్కెస్ట్రాకు వేరే గిటారాయనను వెతుక్కోక తప్పలేదు. పాటలాయన ఆ మాట చెప్పడానికి వచ్చి, పలక మీద ఏదో రాస్తూ, తుడుస్తూ కూర్చున్నాడు. అన్నే ఆయన భుజం తట్టి, "ఎవర్నన్న పెట్టుకోరా. పెండ్లిళ్లు ఆగుతయా?" అన్నాడు.

ఒకటి రెండేళ్లకు దుబాయి నుంచి వచ్చిన ఒకాయన పాటలాయన దగ్గర బట్టలు కుట్టించుకున్నాడు. పాటలాయన అన్నకు ఏమీ చెప్పకుండా, డ్రమ్ములాయన బ్యాండ్ పేరు, పాట పేరు చెప్పి పంపితే మరుసటి రాకకు ఆ క్యాసెట్ తెచ్చాడు. పాటలాయన దాన్నీ, అడిగి తెచ్చిన టేప్ రికార్డరునూ పట్టుకొని పరుగున వచ్చాడు. తీరా గడప దగ్గరికి వచ్చాక ఆగిపోయాడు. ఏం తెచ్చాడో, ఎవరికి తెచ్చాడో అప్పుడు తట్టినట్టుంది.

అన్న క్యాసెట్ మీది పేరు చదివాడు. మొహం వెలిగింది. "పెట్టున్రి. మీరినున్రి" అన్నాడు.

పెట్టాం. ఇన్నేళ్లు పుస్తకాల్లో చదివిన పాట. నిజం చెప్పాలంటే అది నాకు నచ్చలేదు. అంతా రొద. పాడేవాడు ఏమంటున్నాడో తెలియదు. పాటలాయన నుదురు ముడుచుకుంది. అన్న మాత్రం టేపును చూడలేదు, మా ఇద్దరి మొహాలే చూస్తున్నాడు.

పాటలాయన పలక మీద "శానా మంచిగుంది" అని రాశాడు.

"అబద్ధం. మీకు నచ్చలె" అన్నాడు అన్న. నవ్వాడు కూడా. "అది ఇడిసిపెట్టున్రి. అందరు ఆగి డ్రమ్ము ఒక్కటే మోగేది వచ్చిందా?"

వచ్చిందని తలూపాను.

"తప్పు ఎక్కడుందో దొరికిందా?"

వెనక్కి తిప్పి మళ్లీ విన్నాం. డ్రమ్ము దడదడ మోగింది, అంతే. అందులో ఏ దెబ్బ తప్పు, ఏది ఒప్పు? మళ్లీ తిప్పాం. పాటలాయన కళ్లు మూసుకొని, తొడ మీద వేలితో కొట్టుకుంటూ విన్నాడు. చివరికి తల అడ్డంగా ఊపాడు. ఆ తప్పును పట్టుకోగలిగిన మనిషి మా ఊళ్లో ఒక్కడే ఉన్నాడు. ఆయన మా ఎదురుగా పలక పట్టుకొని కూర్చున్నాడు. "దొరకదులే" అన్నాడు అన్న. "దాసి పెట్టినోడు గట్టోడు."

పాటలాయన తర్వాత బీదర్‌కు మకాం మార్చాడు. మొదట్లో పండుగలకు వచ్చేవాడు.

నేను ట్రైనింగ్‌లో ఉండగా ఒక ఐతారం ఆబిడ్స్ పోయాను. ఫుట్‌పాత్ మీద ఒక బ్యాండ్ చరిత్ర కనిపించింది, లావుపాటిది. కొనాలా వద్దా తేలక చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఆయన సంతోషపడతాడో, బాధపడతాడో తెలియలేదు. చివరికి కొన్నాను.

అన్న సంతోషపడ్డాడు. దుకాణం ముందు బల్ల మీద మునుపటిలాగే చదివి చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన గొంతు ఆయనకే వినపడదు కదా, ఒక్కోసారి బజారంతా వినపడేలా అరిచేవాడు, ఒక్కోసారి పెదవులు మాత్రమే కదిలేవి. రోడ్డున పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. మెల్లగా చదువన్నా అని పలక మీద రాయడానికి నాకు మనసు ఒప్పలేదు. వింటూ కూర్చున్నాను.

కథ నడుమలో ఒకచోట ఆ బ్యాండ్‌లో గిటారు వాయించేవాడికి జబ్బు చేస్తుంది. ఊరూరా తిరగలేక ఇంటికి పోతాడు, వాళ్లు ఇంకొకడిని పెట్టుకుంటారు. అంతా కలిపి ఒక్క పేరా. అన్న అది చదివి ఆగాడు. పేజీ తిప్పాడు. ఇంకొన్ని పేజీలు తిప్పాడు. చివర్న పేర్ల పట్టికలో ఆ పేరు చూసి, ఆ పేజీ నంబరు పక్కన ఇంకో నంబరు ఏమైనా ఉందా అని వేలు పెట్టి వెతికాడు.

"మల్ల రాలే" అన్నాడు. అప్పుడు గొంతు సరిగ్గానే ఉంది. "ఇంటికి పోయి ఏం చేసిండో రాయలే. రాసినోడు అడిగితె చెప్పకపోవునా?"

పలక నా ఒళ్లోనే ఉంది.

న్యాల్‌కల్ రైతు ఒకాయన వెనక నుంచి వచ్చి, "మోటరైందా మేస్త్రీ? చెరుకు ఎండుతున్నది" అని అడిగాడు. అన్న పుస్తకంలోకే చూస్తున్నాడు. రైతు ఇంకోసారి, గట్టిగా అడిగాడు. నేను అన్న భుజం మీద చెయ్యి వేసి వెనక్కి చూపించాను. ఆయన లేచి, పుస్తకాన్ని బల్ల మీద బోర్లించి, చేతులు తుడుచుకుంటూ లోపలికి పోయాడు.